రాత్రి పన్నెండుకి పగటి సిగ్నల్ ఎందుకు?

ఆమదాలవలసలో రైలు దిగి అర్ధరాత్రి శ్రీకాకుళం ఊళ్లోకి వచ్చేవాళ్లకి ఈ చిరాకు తెలుసు. రోడ్డు ఖాళీ. షాపుల షట్టర్లు దించి ఉంటాయి. అయినా జంక్షన్‌లో రెడ్ పడి ఉంటుంది, పక్కన టైమర్ 87, 86, 85 అంటూ దిగుతుంటుంది. మిగతా మూడు వైపులకీ వంతులవారీగా గ్రీన్ వస్తుంది, పోతుంది. ఆ గ్రీన్‌లో దాటడానికి ఒక్క బండీ ఉండదు. విజయనగరం స్టేషన్ నుంచి దాసన్నపేటో కంటోన్మెంటో వెళ్లేవాళ్లదీ ఇదే గోల.

దీన్ని ఓపిక లేనితనం కింద కొట్టిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వేళప్పుడు రోడ్డు మీద ఉండేది ఎవరు? రిమ్స్ ఆసుపత్రికి పరిగెత్తే 108. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టు దిగి ఇంటికెళ్లే కుర్రాళ్లు. హైదరాబాద్ బస్సు దిగినవాళ్లని ఎక్కించుకున్న ఆటో. తెల్లారేసరికి మార్కెట్‌కి చేరాల్సిన కూరగాయల బండి. నిద్ర ఆపుకుంటూ బండి నడిపేవాళ్లే అందరూ. వాళ్లని ఏ కారణమూ లేకుండా నిమిషంన్నర నిలబెట్టడం తప్పే. దానికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. అక్కర్లేని రెడ్‌ని రోజూ చూసే మనిషికి అవసరమైన రెడ్ మీద కూడా నమ్మకం పోతుంది. సిగ్నల్ జంప్ చేసే అలవాటు చాలామందికి పట్టపగలు రాలేదు, ఇలాంటి రాత్రుల్లోనే వచ్చింది.

అసలు ఈ సెకన్లు ఎవరు లెక్కగడతారు, ఎలా గడతారు అనేది తెలిస్తే లోపం ఎక్కడుందో తేలిగ్గా కనిపిస్తుంది.

బ్రిటన్‌లో రోడ్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసిన ఎఫ్.వి. వెబ్‌స్టర్ 1958లో ఒక సూత్రం ఇచ్చాడు. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇప్పటికీ అదే నేర్చుకుంటున్నారు. ఒకసారి గ్రీన్ పడిన దగ్గర్నుంచి, అన్ని వైపులా తిరిగి, మళ్లీ అదే వైపు గ్రీన్ పడేదాకా పట్టే టైముని సైకిల్ అంటారు. అది ఎంత ఉండాలో తేల్చడానికి రెండు విషయాలు చాలు.

మొదటిది వృథా టైము. ఒకవైపు ఆపి ఇంకోవైపు వదిలే ప్రతిసారీ పసుపు లైటుకి, అన్ని వైపులా రెడ్ ఉంచే క్షణానికి, ఆగిన బండ్లు కదలడానికి కలిపి సుమారు 4 సెకన్లు పోతాయనుకుందాం. నాలుగు వైపులకీ నాలుగు వంతులైతే 16 సెకన్లు. రెండోది రద్దీ. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో, గ్రీన్ ఆగకుండా గంటసేపు ఇస్తే రోడ్డు వెడల్పులో ఒక్కో మీటరుకి 525 కార్లు దాటతాయని తీసుకుంటారు. లారీని కారుకంటే ఎక్కువగా, బైకుని తక్కువగా లెక్కేసి అన్నిటినీ కార్లలోకి మారుస్తారు. అంటే జంక్షన్‌కి వచ్చే దారి 7 మీటర్ల వెడల్పుంటే గంటకి 3,675 కార్లు దాని సత్తా. సాయంత్రం ఆరింటికి ఆ వైపు నుంచి గంటకి 690 వస్తున్నాయనుకోండి, అది ఆ సత్తాలో 19 శాతం. నాలుగు వైపులా అంతే ఉంటే మొత్తం సుమారు 75 శాతం. రాత్రి పన్నెండుకి అదే దారిలో 90 వస్తే రెండున్నర శాతం, నాలుగు వైపులా కలిపి 10 శాతం.

వెబ్‌స్టర్ చెప్పేదేమిటంటే, వృథా టైముని ఒకటిన్నర రెట్లు చేసి దానికి 5 కలపండి, వచ్చినదాన్ని జంక్షన్‌లో ఇంకా ఖాళీగా ఉన్న వాటాతో భాగించండి. 16కి ఒకటిన్నర రెట్లు 24, దానికి 5 కలిపితే 29. సాయంత్రం ఖాళీ వాటా 25 శాతమే కాబట్టి 29ని 0.25తో భాగిస్తే సైకిల్ 116 సెకన్లు. రాత్రి ఖాళీ వాటా 90 శాతం. 29ని 0.9తో భాగిస్తే 32 సెకన్లు.

జంక్షన్ అదే, రోడ్లు అవే, సూత్రం అదే. పగలు రెండు నిమిషాలు సరైన సైకిల్ అయితే, రాత్రికి అర నిమిషం సరైనది. పగలు సైకిల్ పొడుగ్గా ఎందుకుండాలంటే, వంతు మార్చిన ప్రతిసారీ కొన్ని సెకన్లు పోతాయి, క్యూ పెద్దదైనప్పుడు ఆ నష్టాన్ని భరించలేం. రాత్రి క్యూనే లేదు కాబట్టి వంతులు ఎంత త్వరగా మారితే అంత మంచిది. మన దగ్గర చాలా జంక్షన్లలో జరిగేది ఏమిటంటే, పగటి రద్దీకి పెట్టిన సైకిలే ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది. పెళ్లికి తెచ్చిన గుండిగలో రోజూ ఇద్దరికి అన్నం వండుకుంటున్నట్టు.

"నేనెప్పుడొచ్చినా నాకే రెడ్ పడుతుంది" అనే మాటకి కూడా ఇక్కడే జవాబుంది. ఇది మనకి తోచే భ్రమేమీ కాదు. నాలుగు వైపులకీ సమానంగా నాలుగు వంతులున్న 120 సెకన్ల సైకిల్లో మీకు 30 సెకన్లు దారి, 90 సెకన్లు ఆపుడు. మీరు ఏ క్షణంలో వచ్చినా రెడ్ పడే అవకాశం నాలుగింట మూడొంతులు. ఆగినవాళ్లు సగటున 45 సెకన్లు ఆగుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరిగే ఇలాంటి సిగ్నళ్లు దారిలో మూడుంటే, మూడూ గ్రీన్‌లో దొరికే అవకాశం 64లో ఒకటి. మూడింటి దగ్గరా ఆగాల్సి రావడం 64లో 27. రోజూ రాత్రి వచ్చేవాడికి ఊరు తన మీద కక్ష కట్టిందనిపిస్తే అనిపించదా మరి!

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన సంగతొకటుంది. సైకిల్‌ని 120 నుంచి 48కి తగ్గించినా రెడ్ పడే అవకాశం మారదు, నాలుగింట మూడొంతులే. మారేది ఆగే సేపు. 45 సెకన్లు కాస్తా 18 అవుతుంది. 18 సెకన్లు ఎవరైనా ఆగుతారు. రెడ్ పడడమే తగ్గాలంటే వంతుల సంఖ్య తగ్గించాలి. పగలు కుడివైపు తిరిగే బండ్లు ఎక్కువ కాబట్టి ఒక్కో వైపుని విడిగా వదులుతారు. రాత్రి ఎదురెదురు దారుల్ని ఒకేసారి వదిలి, కుడికి తిరిగేవాళ్లు ఎదుటి బండి పోయాక తిరగమంటే నాలుగు వంతులు రెండవుతాయి. రెడ్ పడే అవకాశం నాలుగింట మూడొంతుల నుంచి రెండింట ఒకటికి దిగుతుంది. మూడు సిగ్నళ్లూ గ్రీన్‌లో దొరకడం 64లో ఒకటి కాకుండా 8లో ఒకటవుతుంది. ఎదురుగా వచ్చే బండి దూరం నుంచే కనిపించే జంక్షన్లలో ఇది బాగా పనిచేస్తుంది, మలుపు మీదున్న జంక్షన్లలో వద్దు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ లాంటి చోట ఈ వంతుల లెక్క ఎంత ముఖ్యమో చూడండి. ఏడు దారులకీ ఏడు వంతులు పెట్టారనుకుందాం. వృథా టైమే 28 సెకన్లు. అదే సూత్రం వేస్తే పగటి సైకిల్ 188 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన. అంత సైకిల్‌ని రాత్రి కూడా తిప్పితే, ఆగిన మనిషి అది పనిచేస్తోందో పాడైందో తెలియక ఇంజన్ ఆపాలా వెళ్లిపోవాలా అని అటూ ఇటూ చూస్తుంటాడు. దారులు ఎక్కువున్న జంక్షన్‌లో రాత్రి ప్లాన్ అంటే సెకన్లు తగ్గించడం ఒక్కటే చాలదు, ఏ దారినీ ఏ దారినీ కలిపి వదలొచ్చో కూర్చుని ఆలోచించాలి.

కాగితం మీద 32 వచ్చింది కదా అని అంతకి దించేయడం కూడా కుదరదు. గ్రీన్ మరీ తక్కువైతే, లోడు లారీ గేరు వేసి కదిలేలోపే పసుపు పడుతుంది. నడిచి దాటేవాళ్ల సంగతి చూడాలి. మనిషి నడక సెకనుకి 1.2 మీటర్లుగా లెక్కేస్తారు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు. సంచులు పట్టుకుని రైలు దిగొచ్చే ముసలమ్మకి ఇంకా ఎక్కువే కావాలి. ఇవన్నీ చూసుకుంటే రెండు వంతులున్న జంక్షన్లలో 40 సెకన్లు, నాలుగు వంతులు తప్పనిచోట 50 సెకన్ల సైకిల్ రాత్రికి సరిపోతుంది.

పసుపు లైటు విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. రాత్రి గ్రీన్ తగ్గాలి గానీ పసుపు పెరగాలి. పగలు విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు బజారులో 30 కిలోమీటర్ల వేగం అందుకోవడమే కష్టం. ఆ వేగంలో పసుపు చూసి బ్రేకు వేసి మామూలుగా ఆగడానికి రెండున్నర సెకన్ల పసుపు చాలు. రాత్రి ఖాళీ రోడ్డు మీద 60లో వచ్చేవాడికి దాదాపు 4 సెకన్లు కావాలి. పగటి పసుపునే రాత్రికీ వాడితే 60లో వస్తున్న మనిషి గట్టిగా బ్రేకు తొక్కితే వెనక బండి గుద్దుతుంది, తొక్కకపోతే రెడ్‌లో దాటతాడు. తప్పు అతనిది కాకపోయినా చలానా అతని పేరు మీదే వస్తుంది. 60లో వెళ్లడమే తప్పు కదా అనొచ్చు. నిజమే. కానీ సిగ్నల్ టైము పెట్టేవాళ్లు రోడ్డు మీద జనం నిజంగా వెళ్లే వేగాన్ని చూసి పెట్టాలి, బోర్డు మీద రాసిన వేగాన్ని చూసి కాదు. అలాగే ఒకవైపు రెడ్ పడ్డాక ఇంకోవైపు గ్రీన్ ఇచ్చేముందు అన్ని వైపులా రెడ్ ఉంచే టైము కూడా రాత్రికి ఒక సెకను పెంచాలి.

"ఇంత తలనొప్పి దేనికి, రాత్రి పదకొండు దాటితే సిగ్నల్ ఆపేసి పసుపు బ్లింకింగ్ పెట్టేయండి" అనేది ఎక్కువమంది చెప్పే పరిష్కారం. చాలా ఊళ్లలో చేసేదీ అదే. నేను దీనికి ఒప్పుకోను. రూలు ప్రకారం పసుపు బ్లింక్ అవుతుంటే నెమ్మదించి, చూసుకుని వెళ్లాలి. రెడ్ బ్లింక్ అవుతుంటే పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటేనే కదలాలి. మన రోడ్ల మీద ఈ తేడా ఎంతమంది పాటిస్తారు? బ్లింకింగ్ అంటే సిగ్నల్ లేనట్టే అనుకుంటారు. నాలుగు వైపులా పసుపే బ్లింక్ అవుతుంటే ఎవరు ఆగాలో ఎవరికీ తెలియదు, వేగంగా వచ్చేవాడిదే దారి అవుతుంది. అమెరికాలో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలమ్ నగరంలో కొన్ని జంక్షన్లలో రాత్రి బ్లింకింగ్ తీసేసి మామూలు సిగ్నలే నడిపితే, పక్క నుంచి వచ్చి అడ్డంగా గుద్దే ప్రమాదాలు బాగా తగ్గాయి. రోడ్డు నియమాలు మనకంటే గట్టిగా పాటించే చోటే అలా ఉంటే, మన సంగతి వేరే చెప్పాలా?

జంక్షన్ మూల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. సరిగ్గా మలుపులో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ. దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని ఆనుకుని రాత్రికి పార్క్ చేసిన తోపుడు బండి. పక్క రోడ్డులో వచ్చే బండి చివరి పది మీటర్లలో గానీ కనిపించదు. ఖాళీగా ఉందని రెడ్‌లో బైకు కదిలించినవాడు చూస్తున్నది ఆ ఫ్లెక్సీని, రోడ్డుని కాదు. ఆగి ఉన్న బైకు కదిలి 20 మీటర్ల జంక్షన్ దాటడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఆ నాలుగున్నర సెకన్లలో 60లో వచ్చే ఇసుక టిప్పర్ 75 మీటర్లు వచ్చేస్తుంది. అతను కదిలినప్పుడు 75 మీటర్ల లోపల ఎక్కడున్నా అది అతని మీదికే వస్తున్నట్టు లెక్క. డ్రైవరు చూసి బ్రేకు వేసినా, ఆ వేగంలో ఆగడానికి 45 మీటర్లు కావాలి, అదీ ఖాళీ బండికి. అందుకే జంప్ చేసేవాళ్ల చిరాకు నాకు అర్థమైనా, జంప్ చేయడాన్ని సమర్థించలేను. చట్టం కూడా దీన్ని చిన్న తప్పుగా చూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో రెడ్ లైటు దాటడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇంత శిక్ష రాసిన ప్రభుత్వం, ఆ లైటు సరైన టైములో వెలిగేలా చూసే బాధ్యత కూడా అంతే గట్టిగా తీసుకోవాలి.

బ్లింకింగ్ పూర్తిగా పనికిరాదని కాదు. నాలుగు వైపులా దూరం దాకా కనిపించే, బండ్లు ఎలాగూ నెమ్మదిగా వచ్చే చిన్న జంక్షన్లలో పెట్టుకోవచ్చు. పెద్ద దారికి పసుపు, చిన్న దారికి రెడ్ బ్లింక్ అవ్వాలి. హైవే తగిలే చోట, లారీలు తిరిగే చోట మాత్రం వద్దే వద్దు.

బండి వస్తేనే గ్రీన్ ఇచ్చే సెన్సార్ సిగ్నళ్లు రాత్రికి అన్నిటికంటే మంచివి, అందులో అనుమానం లేదు. పెద్ద రోడ్డుకి గ్రీన్ అలాగే ఉంటుంది, పక్క రోడ్డులో బండి వస్తే దానికి కొన్ని సెకన్లు ఇచ్చి మళ్లీ వెనక్కి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సిడాక్ మన దేశంలోనే కోసికాస్ట్ అనే సిగ్నల్ వ్యవస్థని తయారుచేసింది. రద్దీని బట్టి టైము దానంతటదే మార్చుకుంటుంది. కానీ సెన్సార్‌ని చూసుకునేవాళ్లు ఉండాలి. రోడ్డులో పాతే తీగ సెన్సార్లయితే నీళ్ల పైపుకో కేబుల్‌కో రోడ్డు తవ్విన రోజే పోతాయి. కెమెరా అయితే దుమ్ము తుడవాలి. సెన్సార్ పోతే చాలా సిగ్నళ్లు ఆ వైపు ఎప్పుడూ బండి ఉందనుకుని పూర్తి టైము ఇచ్చేస్తాయి, మళ్లీ మొదటికొస్తాం. మన ఊళ్ల స్థాయికి అంత ఖర్చు ముందు అక్కర్లేదన్నది నా అభిప్రాయం.

ఎందుకంటే అసలు మందు ఇప్పటికే జంక్షన్‌లోనే ఉంది. మూల మీద స్తంభం పక్కన తాళం వేసిన బూడిద రంగు పెట్టె ఉంటుంది, ట్యూషన్ సెంటర్ల పోస్టర్లు అంటించి ఉంటాయి. అదే కంట్రోలర్. మామూలు రకం కంట్రోలర్లలో కూడా ఒకటికి మించి ప్లాన్లు ఎక్కించుకోవచ్చు. ఉదయానికొకటి, సాయంత్రానికొకటి, రాత్రికొకటి. లోపలి గడియారం చూసుకుని అదే మారుతుంది. కొత్త స్తంభం వద్దు, కొత్త తీగ వద్దు. ఒక టెక్నీషియన్ వచ్చి ఎక్కించి వెళితే చాలు. సిగ్నల్ పెట్టిన రోజు ఎవరో ఒక ప్లాన్ వేశారు, ఆ తర్వాత దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు, జరుగుతున్నది అంతే. కొన్నిచోట్ల రాత్రి ప్లాన్ వేసే ఉంటుంది గానీ, గడియారం బ్యాటరీ అయిపోయాక కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైము తప్పుతుంది. అప్పుడు రాత్రి ప్లాన్ మధ్యాహ్నం నడిచి క్యూలు పెరుగుతాయి, పగటి ప్లాన్ అర్ధరాత్రి నడుస్తుంది. తుపాను గాలులకి రోజుల తరబడి కరెంటు పోయే మన జిల్లాల్లో ఈ బ్యాటరీ చిన్న విషయం కాదు.

పక్కపక్క సిగ్నళ్లని కలపడం గురించి ఒక్క మాట. రెండు జంక్షన్ల మధ్య 400 మీటర్లుంటే, 40 కిలోమీటర్ల వేగంలో వెళ్లేవాడికి 36 సెకన్లు పడుతుంది. రెండోది 36 సెకన్లు ఆలస్యంగా గ్రీన్ అయ్యేలా కడితే అతను ఆగకుండా వెళ్తాడు. 70లో వెళ్లేవాడు మాత్రం రెడ్ దగ్గర ఆగాల్సిందే. నెమ్మదిగా వెళ్లడమే లాభమని రోడ్డే నేర్పుతుంది. అయితే రెండింటి సైకిల్ ఒకటే ఉండాలి, రెండు గడియారాలూ ఒకే టైము చూపించాలి. ఆ బ్యాటరీ సంగతి తేలాకే ఇది.

రాత్రి ప్లాన్‌కి క్యాలెండర్ కూడా కావాలి. పైడితల్లి అమ్మవారి తొలేళ్ల రాత్రి విజయనగరం నిద్రపోదు. మర్నాటి సిరిమాను ఉత్సవం కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తూనే ఉంటారు. రథసప్తమికి అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే క్యూలు మొదలవుతాయి. ఆ రాత్రుల్లో 40 సెకన్ల సైకిల్ నడిపితే జంక్షన్ మూసుకుపోతుంది. అలాంటి రోజుల్ని ముందే ఎక్కించి పెట్టొచ్చు, లేదా ఆ రాత్రికి పోలీసులు చేత్తో నడపొచ్చు.

దీన్ని సరిచేయించడానికి దారి ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. జిల్లాలో రోడ్డు భద్రతా కమిటీ కలెక్టర్ అధ్యక్షతన కూర్చుంటుంది, పోలీసులూ స్థానిక సంస్థల అధికారులూ అందులో ఉంటారు. దీన్ని ఆ కమిటీ ముందు పెట్టమని అర్జీలోనే రాయండి. ఎందుకంటే సిగ్నల్ ఒకరు కొంటారు, ఇంకొకరు నడుపుతారు, రిపేరు మూడోవాళ్లు చేస్తారు, విడివిడిగా అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. "సిగ్నల్ బాలేదు" అని రాస్తే ఆ కాగితం ఎటూ కదలదు. రాత్రి బండి పక్కకి ఆపి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, మీ వైపు గ్రీన్ పడిన క్షణం నుంచి మళ్లీ గ్రీన్ పడేదాకా ఎన్ని సెకన్లో చూడండి. అదే జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి కూడా చూడండి. రెండు అంకెలూ ఒకటే అయితే రాత్రి ప్లాన్ లేదని తేలినట్టే. జంక్షన్ పేరు, ఏ వైపు నుంచి, తేదీ, టైము, ఆ రెండు అంకెలు రాయండి. కింద అడగాల్సినవి నాలుగే. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా 40, 50 సెకన్ల సైకిల్, వీలైన చోట రెండే వంతులు, రాత్రికి 4 సెకన్ల పసుపు, గడియారానికి కొత్త బ్యాటరీ. మూలనున్న ఫ్లెక్సీ తీయించమని కూడా అందులోనే రాసేయండి.